టికెట్టు కొన్న కష్టం

ఊరికే వచ్చే కష్టానికి విలువ లేదండీ! కష్టమంటే టికెట్టు కొనుక్కుని మరీ పడాలి.

నమ్మరా? అయితే మీరింకా ఆగ్రో టూరిజం రుచి ఎరగరన్నమాట. మాది సోలాపూర్ నీలం నగర్, పవర్‌లూమ్‌ల మీద టవళ్లు నేయించే కార్ఖానా. మొన్న శనివారం నేనూ, నా భార్య పుష్పా, మా నాయిన సిద్ధరాములూ ఊరి బయట ఒక ఫారానికి వెళ్లి, రెండు రోజులు పల్లెటూరివాళ్లమై వచ్చాం.

ఇంట్లో మిక్సీ పాడైతే మూడు రోజులు మూతి ముడుచుకునే పుష్ప, అక్కడ విసుర్రాయి పట్టుకుని జొన్నలు విసిరింది. అదీ నవ్వుతూ! నేను గేదె పాలు పితకబోయి తన్నించుకున్నాను. ఆ తన్ను ప్యాకేజీలోనే ఉందట, విడిగా వసూలు చేయలేదు. ఎంత మంచివాళ్లు!

మధ్యాహ్నం గుడారంలో కునుకు తీద్దామంటే ఒకటే నిశ్శబ్దం. మగ్గాల చప్పుడు లేకుండా మా పేటవాళ్లకు నిద్ర పడుతుందా? చివరికి కార్ఖానాకు ఫోన్ చేసి, అక్కడి ఫోను లూమ్ పక్కన పెట్టించి, నా ఫోను చెవి కింద పెట్టుకుని హాయిగా గురకపెట్టాను. ప్రకృతి ఒడి అంటే అదే మరి!

సాయంత్రం హస్తకళల పాఠం. గుంట మగ్గం మీద జేబురుమాలు నేయాలి. నేర్పే పిల్ల ఋతుజ, విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో బీడీలు చుట్టే తల్లి కూతురు. మూడు తరాల నేతగాణ్ణి కదా, దర్జాగా గుంటలోకి దిగాను.

"స్విచ్ యాడున్నదమ్మా?" అన్నాను.

"కాళ్లకింద ఉన్నది కాకా. తొక్కుండ్రి!"

తొక్కాను. మూడు పోగులు తెగాయి. అతకమంటే, మా కార్ఖానాలో ఆ పని చేసే మనిషి కోసం చుట్టూ చూశాను.

"జరుగు," అన్నాడు నాయిన.

నాలుగేళ్లుగా ఆయనకు నేను పూర్తి విశ్రాంతి ఇస్తున్నాను. కూర్చుని కూర్చుని ఆయనకు మోకాళ్లు నొస్తాయి, ఆకలి ఉండదు, మాటా తగ్గిపోయింది. అలాంటి మనిషి గుంటలోకి దిగి, తెగిన పోగులను రెండు వేళ్లతో మెలిపెట్టి అతికి, జానెడు బట్ట నేసేశాడు. టైం అయిపోయిందన్నా లేవలేదు.

"లే నాయినా, మోకాళ్లు పట్టేస్తయ్."

"మోకాళ్లు మంచిగనే ఉన్నయ్. నన్ను ఈడనే ఇడిసిపో."

సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, ఏడుపు కూడా వచ్చింది. కంట్లో దుమ్ము పడిందని పుష్పకు చెప్పుకున్నాను.

ఋతుజ ఊరుకోవచ్చు కదా! "తాతా, గింత మంచిగ నేస్తున్నవ్, మీ ఇంట్ల మగ్గం లేదా?" అని అడిగింది.

"ఉండె బిడ్డా," అన్నాడు నాయిన, పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడించడం ఆపకుండానే. "మీ కాకా మగ్గం అమ్మిండు, గుంత పూడ్చిండు, ఆడ సోఫా ఏసిండు. నన్ను దాని మీద కూసోబెట్టిండు."

అక్కడున్న టూరిస్టులంతా నా వైపు తిరిగారు. ఏం చెప్పమంటారు? చాలా మెత్తని సోఫా అండీ అది!