పేడగుంటలో ఇసుక లేదని తేల్చిన సంఘం

ఒక పెద్ద అడవిలో చిన్న పాలడైరీ ఒకటి నడిచేది. గేదెలు ఎనిమిది, వాటి మీద పెత్తనానికి సంఘం సభ్యులు పదకొండుమంది.

గేదెల్లో పెద్దది కాటుకమ్మ. రాతినేల మీద పడుకుని పడుకుని మోకాళ్లు పుండ్లు పడితే, కిందటేడు పోరుపెట్టి పాకలో ఏటి ఇసుక పరిపించుకుంది. ఆ మెత్తదనానికి దాని ప్రాణం లేచొచ్చింది. పాలూ పెరిగాయి. చిక్కల్లా ఒక్కటే. పాక కడిగినప్పుడల్లా పేడతోపాటు ఇసుకా గుంటలోకి జారి అడుగున పేరుకుంది. గోబర్ గ్యాస్ గొట్టం పూడిపోయింది. ఆ గ్యాస్ మీదే కాచే సింహంగారి పొద్దుటి కాఫీ ఆగిపోయింది.

"రేపు వస్తున్నాం. గుంటలో ఇసుకుంటే పాకలో ఇసుకంతా ఎత్తించేస్తాం," అని సింహంగారి కబురొచ్చింది.

కాటుకమ్మ మోకాళ్లు అప్పుడే సలపడం మొదలుపెట్టాయి. సంఘం అధ్యక్షుడైన నక్క దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, కడిగిన నీళ్లు నేరుగా గుంటలో పడుతున్నాయి. మధ్యలో వెడల్పాటి కాలవ తవ్వి నిదానంగా పారిస్తే ఇసుక దారిలోనే దిగిపోద్ది. దాన్నే ఆరబెట్టి మళ్లీ పరుచుకుంటాం."

"పేడ వెయ్యడం నీ పని కాటుకమ్మా. పేడ గురించి ఆలోచించడం మా పని," అంది నక్క.

ఆలోచించి, కోతి గుమాస్తా చేత పరీక్ష చేయించింది. కోతి ముక్కు మూసుకుని గుంట పైనుంచి గరిటెడు తీసి, 'ఇసుక లేదు' అని రాసింది. మూడుసార్లు తీసింది. మూడుసార్లూ పైనుంచే.

మర్నాడు సింహంగారు వచ్చారు.

"పన్నెండడుగుల లోతు, ప్రభూ. ఇసుకరేణువు లేదు," అంది నక్క.

"అయితే ఓసారి దూకి చూపించు."

నక్కకు ఈత రాదు. కాగితం మీద సంతకం మాత్రం ఉంది. కళ్లు మూసుకుని దూకింది. పన్నెండడుగుల గుంటలో మోకాలి లోతున నిలబడింది.

"ఇసుకా ఎత్తేయండి, సంఘాన్నీ ఎత్తేయండి," అన్నారు సింహంగారు.

కాటుకమ్మ పాక గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నక్క గబుక్కున చేతులు జోడించింది.

"ప్రభూ, దీనికి మా సంఘం ఎప్పుడో ఉపాయం ఆలోచించింది. వెడల్పాటి కాలవ తవ్వి, నిదానంగా పారిస్తే..." అంటూ గుంటలోంచే మొత్తం అప్పజెప్పింది.

సింహంగారు మెచ్చుకున్నారు. దండ వెయ్యడానికి దగ్గరికెవరూ రాలేదు గనక కర్రతో అందించారు. కొత్తగా వేసిన కాలవ సంఘానికీ నక్కే అధ్యక్షుడు. కాటుకమ్మకు ఒళ్లు మండిందిగానీ, ఇసుక దక్కింది కదా అని వెళ్లి హాయిగా పడుకుంది.

నీతి: పేడనీళ్లలో బరువున్నది అడుగుకు పోతుంది, లేనిది పైకి తేలి అధ్యక్షత వహిస్తుంది.