మామగారు సరిచేసిన తూటాలు

టీ తాగడం, తూటాల రెండో డబ్బా సంచిలో వేసుకోవడం, రైఫిల్ పోటీకెళ్లి క్లబ్బు జట్టులో చోటు కొట్టుకురావడం. గడియారాలు బాగుచేసే అల్లుడుగారికి ఆ పొద్దున ఉన్న పనులు ఈ మూడే. ఐదేళ్లుగా తప్పుతున్నాడు. ఈసారీ తప్పితే రైఫిల్ అమ్మేస్తానని భార్య మీద ఒట్టేశాడు.

ఒకే బరువున్న తూటాలు ఒకే చోట తగులుతాయని అతని నమ్మకం. అందుకే మూడు వారాలు ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి, కొన్న తూటాలన్నీ బంగారం తూచే త్రాసులో ఒక్కొక్కటే తూచాడు. తేలికవి మొదటి డబ్బాలో, సరిగ్గా తూగినవి రెండోదాంట్లో, బరువువి మూడోదాంట్లో వేశాడు. ఇల్లంతా చెమటలో నానింది.

ఆ పొద్దున రెండో డబ్బా ఎత్తగానే అనుమానమొచ్చింది. "ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది?"

"నేనే సరిచేశానండీ," అన్నారు మామగారు. నలభై ఏళ్లు ఆసుపత్రిలో మందుపొడి సమాన పొట్లాలు కట్టిన కాంపౌండరు. "ఒక డబ్బా నిండుగా, రెండు వెలితిగా ఉంటే చూడలేకపోయాను. అన్నీ కలిపి మూడు సమభాగాలు చేశా."

"కలిపేశారా!"

"అలా ఇలా కాదు, బాగా కలిపాను."

అల్లుడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పోటీకి ఇంకా గంటుంది. మళ్లీ తూచడం మొదలుపెట్టాడు. అతని చెమట చూడలేక మామగారు పేపరుతో విసిరారు. ఆ గాలికి త్రాసులో అంకెలు గంతులేశాయి. పదిహేడు తూటాలు తేలేసరికి వేళయింది.

పశ్చాత్తాపంతో మామగారూ వెంట వచ్చారు. మొదటి గుండు ఎడమకు పోయింది, రెండోది పైకి, మూడోది ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. ప్రతిసారీ వెనకనుంచి మామగారు, "అది తేలికది అయ్యుంటుంది," అని నిట్టూర్చారు. ఆఖరి స్థానం. అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ.

క్లబ్బు కోచ్ వచ్చి, రైఫిల్ మీద గురిచూసే సైటును వేలితో కదిపాడు. అది ఊగింది.

"తూటాల తప్పు కాదయ్యా. నాలుగు మరల్లో ఒకటి వదులు. నువ్వు చేసేది గడియారాల పనే కదూ?"

అల్లుడికి నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ముఖం చూసి కోచ్‌కే జాలేసింది. "సరే, ఇంకో అవకాశం ఇస్తా. మర బిగించుకో. ముందు ఆ పేర్ల బల్ల దగ్గర సంతకం పెట్టిరా."

"ఈ ఒక్క పనీ నాకొదిలెయ్యండి. పొద్దున చేసిన పాపం కడుక్కుంటాను," అని మామగారు బతిమాలి స్క్రూడ్రైవరు లాక్కున్నారు.

అల్లుడు సంతకం పెట్టి పరుగున వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. "నాలుగూ సమానం! చూసుకోండి."

"బిగిసిందా?"

"అది ఎంత తిప్పినా బిగియలేదండీ. అందుకని మిగతా మూడూ దానితో సమానంగా వదులు చేశాను."

అప్పుడే మైకులో అతని నంబరు పిలిచారు.

ఆ సాయంత్రం రైఫిల్ పెట్టెమీద "అమ్మబడును" అన్న చీటీ అతికించారు. అది సరిగ్గా మధ్యలో ఉండేలా కొలిచి పెట్టింది మామగారే.