ఇరవై మూడో అంకె మీద మమకారం

మనిషి కష్టపడి సంపాదిస్తే ప్రభుత్వం అర్థం చేసుకుంటుంది. కష్టపడకుండా సంపాదిస్తే సంజాయిషీ అడుగుతుంది. పరాయి దేశంలో, కష్టపడకుండా, నిలబడ్డచోటే నిలబడి అరనిమిషంలో సంపాదిస్తే మాత్రం పదకొండు పేజీల ఫారం చేతికిచ్చి కూర్చోబెడుతుంది. నాగరికత అంటే ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.

నేను లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజర్ని. కొత్త రకం లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో నేర్చుకు రమ్మని కంపెనీ నన్ను నాలుగు రోజులు విదేశానికి పంపింది. (పాత రకం ఆగిపోతే ఏం చేయాలో ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు.) దిగిన హోటల్లో కింది అంతస్తంతా జూదశాలే. పొద్దున టిఫిన్ కూపన్‌తో పాటు ఒక జూదపు బిళ్ల ఉచితంగా ఇచ్చారు. ఉచితంగా వచ్చినదాన్ని వదిలేసే వంశం కాదు మాది. తీసుకెళ్లి, గిర్రున తిరిగే చక్రం దగ్గర ఇరవై మూడో అంకె మీద పెట్టాను. గోళీ నాలుగు చుట్లు తిరిగి, వచ్చి బుద్ధిగా ఇరవై మూడులోనే కూర్చుంది. ఒకటికి ముప్ఫై అయిదు! ఒక మంచి వాషింగ్ మెషిన్‌కి సరిపోయి, దాని కింద స్టాండుకి చాలనంత సొమ్ము.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. “నీ పుట్టినరోజు అంకె మీదే పెట్టాను. అంతా నీ అదృష్టమే” అన్నాను. మా ఆవిడ మురిసిపోయింది. ఆ సంగతి వాళ్ల తమ్ముడికీ, పక్క ఫ్లాటు ఆవిడకీ, ఆ సొమ్ముతో కొన్న మెషిన్ బిగించడానికి వచ్చిన మెకానిక్‌కీ చెప్పింది. ఆ వారమంతా నా కాఫీలో చక్కెర ఎక్కువ పడింది.

ఆ తర్వాత బ్యాంకువాళ్ల నుంచి మెసేజ్ వచ్చింది. విదేశాల నుంచి వచ్చిన సొమ్ముకి కారణం తెలుపవలెనట. జాబితాలో జీతం, వారసత్వం, ఇతరములు అని ఉన్నాయి. ఇతరములు నొక్కాను. ఇతరములు నొక్కినవాళ్ల కోసం పన్నుల ఆఫీసులో మూడో అంతస్తు మొత్తం కేటాయించారని నాకప్పుడు తెలియదు. (అక్కడికి లిఫ్టు ఉంది. పనిచేయదు. మా కంపెనీదే.)

అక్కడ ఇచ్చిన ‘పరదేశ ద్యూతలాభ స్వయంప్రకటన పత్రము’లో ముప్ఫై ప్రశ్నల దాకా నెట్టుకొచ్చాను. ముప్ఫై ఒకటోది ఇలా ఉంది: ‘సదరు అంకెనే ఎంచుకొనుటకు గల కారణము.’ నైపుణ్యము అయితే వచ్చినదాంట్లో సగం పన్ను. దురాశ అయితే ముప్పావు. కారణం తెలియదంటే మొత్తం కట్టేయాలి. తెలియకుండా వచ్చిన సొమ్ము మీద మనిషికి హక్కేమిటని శాఖ వారి ఉద్దేశం. చివర్లో మాత్రం చిన్న అక్షరాలతో ‘కుటుంబ మమకారము: పదో వంతు’ అని ఉంది. సొమ్మంతా అప్పటికే మా వంటింటి వెనక రోజుకి రెండు విడతలు బట్టలు ఉతుకుతోంది కాబట్టి, పదో వంతు దాటితే నా పని అయిపోయినట్టే. మమకారము ఎదురుగా టిక్కు పెట్టాను. ఆధారంగా భార్య పుట్టినతేదీ సర్టిఫికెట్టు, సాక్షిగా భార్య రావాలన్నారు.

మా ఆవిడ పెళ్లికి బయల్దేరినట్టు తయారై వచ్చింది. క్యూలో ముందున్న ఆవిడతో మాట కలిపింది.

“మా ఆయన పుట్టినరోజు ఎప్పుడూ మర్చిపోరండీ. పైగా ఒకరోజు ముందే కానుక తెచ్చేస్తారు. ఇరవై రెండేళ్లుగా అంతే!”

ఒకరోజు ముందేమిటి అని నాకు చిన్న అనుమానం వచ్చింది. కానీ నన్ను ఎవరైనా పొగుడుతుంటే మధ్యలో అడ్డుపడే అలవాటు నాకు లేదు.

లోపల మమకార నిర్ధారణాధికారి కూర్చుని ఉన్నాడు. జూదశాలవాళ్లిచ్చిన రసీదునీ, సర్టిఫికెట్టునీ పక్కపక్కన పెట్టి, రెండిటి కిందా స్కేలు ఆనించి చూశాడు.

“సార్, మీ మేడమ్ గారి పుట్టినరోజు ఎప్పుడు?”

“ఇరవై మూడండీ.”

“సర్టిఫికెట్లో ఇరవై నాలుగుంది.”

“అందులో తప్పు పడి ఉంటుందండీ” అన్నాను. జీవితంలో నేను అనకూడని మాటలు చాలానే అన్నాను గానీ, ఇంత తొందరగా ఎప్పుడూ అనలేదు.

మా ఆవిడ నా వైపు తిరిగింది. “నేనెప్పుడు పుట్టానో నాకు తెలీదా?”

“అమ్మా, కుటుంబ వివాదాలకి రెండో అంతస్తు” అని అధికారి నా వైపు చూశాడు. “సార్, ఇరవై మూడున పుట్టినావిడ వేరే ఎవరైనా ఉంటే చెప్పండి. ఆవిడ సర్టిఫికెట్టు తెచ్చినా సరిపోతుంది. ‘కుటుంబ’ అన్న మాట కొట్టేసి ‘మమకారము’ ఉంచుతాం. రేటు అదే.”

ఆయన సాయం చేయాలనే చూస్తున్నాడు.

“ఎవరూ లేరండీ. నిజంగా ఇరవై మూడే అనుకున్నాను.”

“ఇరవై రెండేళ్లూనా?” అంది మా ఆవిడ.

“ఆ.”

“ముందురోజు తెచ్చేది... ముందురోజని తెలిసి కాదా?”

“కాదు.”

“మర్నాడు నేను కొత్తబట్టలు కట్టుకుంటే ‘ఏంటి విశేషం’ అనేవారు. నన్ను ఆటపట్టిస్తున్నారనుకునేదాన్ని.”

ఆమె అరవలేదు. హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, మళ్లీ వేసింది. క్యూలో మాట కలిపిన ఆవిడ పక్క కౌంటరు దగ్గర నిలబడి అంతా వింటోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పన్ను సంగతి ఆ నిమిషంలో నిజంగానే మర్చిపోయాను. (మర్చిపోవడంలో నాకున్న అనుభవం మీకిప్పుడు తెలిసిందే.)

అధికారి గొంతు సవరించుకున్నాడు. “మమకారము కొట్టేయాల్సిందే సార్. ఇక మీకు పనికొచ్చేది వెనక పేజీలో ఉన్న ‘పొరపాటు’. ఒక్కసారి జరిగిన పొరపాటైతే సగం పన్ను. అలవాటైన మతిమరుపైతే పూర్తి మినహాయింపు. కానీ అలవాటేనని భార్య రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అమ్మా, ఇష్టమైతేనే రాయండి, బలవంతం లేదు. ఇదిగో, ఈ నాలుగు గీతల్లో.”

మా ఆవిడ ఆ నాలుగు గీతల వైపు కాసేపు చూసింది. “ఇంకో కాయితం ఉందా అండీ?” అంది.

ఇచ్చాడు. అది అయ్యాక ఇంకోటి అడిగింది. నేను గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. పెళ్లయిన కొత్తలో నాకు రాసిన ఉత్తరాల్లో కూడా ఆమె అంత ఏకాగ్రతగా రాసి ఉండదు. ఒకచోట ఆగి, వేళ్ల మీద ఏవో సంవత్సరాలు లెక్కపెట్టుకుని, మళ్లీ మొదలెట్టింది. మొత్తం తొమ్మిది పేజీలు అయ్యాయి.

అధికారి మూడు పేజీలు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆరో పేజీ దగ్గర లేచి వెళ్లి పై అధికారిని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ నిలబడి మిగతాది చదివారు. పై అధికారి నన్ను ఒకసారి చూసి, ముద్ర వేసి వెళ్లిపోయాడు.

“పూర్తి మినహాయింపు సార్” అన్నాడు అధికారి. “మామూలుగా ఈ ధ్రువపత్రాన్ని ఏటా రెన్యూ చేయించుకోవాలి. మేడమ్ గారు రాసింది చదివాక మిమ్మల్ని శాశ్వత కేటగిరీలో పెట్టాం.”

థాంక్స్ చెప్పాను. ఒక్క పైసా కట్టకుండా ఆ ఆఫీసులోంచి బయటపడ్డవాణ్ని ఆ రోజు బహుశా నేనొక్కణ్నే. మెట్లు దిగుతున్నాం. ఆమె నాకంటే ముందు నడుస్తోంది. రెండో అంతస్తు దగ్గర ఒక్క క్షణం ఆగి, తలుపు మీద బోర్డు చదివి, మళ్లీ కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“తొమ్మిది పేజీలూ ఏం రాశావ్?” అని అడిగాను.

“చెప్పినా మీకు గుర్తుండదు లెండి” అంది.