గేటు బావకు సగం ఛార్జీ

"రైల్వే ఉద్యోగులు ఇకనుంచి మన మెట్రోలో సగం ఛార్జీకే ప్రయాణం చేస్తారు. ఇది చరిత్ర!" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు హాల్లో చప్పట్లు కొట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. నా రెండు చేతుల్లోనూ కెమెరా ఉంది. లేకపోతే అందరికంటే గట్టిగా నేనే కొట్టేవాణ్ణి. ఎందుకంటే మా అక్కయ్య భర్త, అంటే మా బావ, రైల్వేలో గేటుమ్యాన్.

నాది ఫొటో స్టూడియో. మంత్రిగారి కార్యక్రమాలకు ఫొటోలు తీసే భాగ్యం చాలాకాలంగా నాదే. అందువల్ల ఆయన పని చేసే పద్ధతి దగ్గరనుంచి చూశాను. ఆయన ఏ పథకాన్నీ తొందరపడి ప్రకటించరు. ముందు ఫ్లెక్సీలు కొట్టిస్తారు. తర్వాత ప్రకటిస్తారు. ఆ తర్వాత ఆఫీసర్లను పిలిచి, ఆ పథకం ఏమిటో అడిగి తెలుసుకుంటారు.

ఆ రోజు ఓ విలేకరి లేచి, "సార్, ఊళ్లో ఇంతమంది ఉండగా రైల్వేవాళ్లకే ఎందుకండీ సగం ఛార్జీ?" అన్నాడు.

"రైలు దేనిమీద నడుస్తుంది?" అన్నారు మంత్రిగారు.

"పట్టాల మీద సార్."

"మెట్రో?"

"అదీ పట్టాల మీదే సార్."

"మరి ఇంతకన్నా చుట్టరికం ఏం కావాలయ్యా!" అన్నారు. విలేకరి కూర్చున్నాడు. నాకు ఒళ్లు పులకరించింది.

ఇక్కడ మా బావ గురించి ఓ మాట చెప్పాలి. ఆయన పుట్టి బుద్ధెరిగాక టిక్కెట్టు కొని ఎరగడు. వాళ్ల నాన్నా రైల్వేయే. రైల్లో టిక్కెట్లు చూసే మనిషి దగ్గరికి రాగానే, బావ కళ్లు సగం మూసి, "స్టాఫ్" అంటాడు. పాస్ జేబులోంచి తీయక్కర్లేదు. ఆ గొంతు చాలు. ఓసారి అలవాటుకొద్దీ సినిమా హాలు దగ్గర కూడా "స్టాఫ్" అనేసి లోపలికి వెళ్లిపోయాడు. వాళ్లూ వదిలేశారు.

ఈ నెలాఖరుకు బావ రిటైరవుతున్నాడు. సర్వీసంతటిలో ఒక్క చార్జిషీటు లేదు. అలాగే మచ్చ లేకుండా ఇంటికి రావాలన్నది మా అక్కయ్య కోరిక. ఆమెకు వేరే కోరికలు లేవని కాదు. అవి బావ వల్ల కావని ఎప్పుడో తేలిపోయింది. ఈ ఒక్కటీ మాత్రం తీరేలా ఉంది కాబట్టి, రోజూ డ్యూటీకి వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్తండీ, ఈ చివరి రోజుల్లో" అని చెబుతోంది.

పథకానికి ప్రథమ లబ్ధిదారు ఒకరు కావాలన్నారు. మెట్రో ఎండీగారు, రైల్వే పెద్దసారు కలిసి చాలామంది ముఖాలు చూశారు. చివరికి మా బావ మీసం ఇద్దరికీ నచ్చింది. "లైటు పడితే మెరుస్తుంది సార్" అని నేనూ బలపరిచాను.

రైల్వే పెద్దసారు బావను గదిలోకి పిలిపించారు. ఫొటో ట్రయల్ కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"మధ్యాహ్నం ప్రోగ్రాం. యూనిఫాంలో రావాలి" అన్నారు.

"అప్పుడు నా డ్యూటీ సార్. గేటు దగ్గర ఎవరుంటారు? మిగతా ఇద్దరు గేటుమ్యాన్లనీ కుర్చీలు నింపడానికి రమ్మన్నారట."

"గేటు తెరిచి వదిలేస్తే ఏమవుతుంది?"

"అమ్మో! కొంపలంటుకుంటాయి సార్."

"మూసి ఉంటే?"

బావ ఆలోచించాడు. "రైలుకైతే ఏమీ కాదు సార్."

"మరింకేం? మూసి, తాళం వేసి రా."

"రోడ్డు మీద జనం ఆగిపోతారు కదా సార్?"

"జనానికి అలవాటేగా!"

బావ చేతులు నలుపుకుంటూ, "అదే ముక్క కాయితం మీద రాసిస్తే..." అని నసిగాడు.

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో కోపం లేదు, బాధ ఉంది. "ఇన్నేళ్లు కలిసి పనిచేశాం. నా నోటిమాట మీద నీకు నమ్మకం లేదా?"

బావకు నమ్మకం ఉంది. ఆయనకు అందరి మీదా నమ్మకమే. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఉన్న ఆ జబ్బు ఇంకా నయం కాలేదు.

కార్యక్రమం మెట్రో స్టేషన్లోనే పెట్టారు. యూనిఫాం వేసుకున్న రైల్వే సిబ్బందితో కుర్చీలన్నీ నిండిపోయాయి. మంత్రిగారు ఆలస్యంగా వచ్చినా, ఆ ఆలస్యాన్ని సద్వినియోగం చేస్తూ ఎక్కువసేపు మాట్లాడారు. ఈ దేశంలో శ్రామికుడి విలువ తెలిసింది తమ ప్రభుత్వానికేనన్నారు. తర్వాత బావకు కార్డు అందజేశారు. నా ఫ్లాష్ వెలగలేదు. మళ్లీ అందజేశారు. ఎవరో అడ్డొచ్చారు. మళ్లీ అందజేశారు. ఒకే మనిషికి అన్నిసార్లు మేలు చేసిన నాయకుణ్ణి నేను మరెక్కడా చూడలేదు.

బావ కార్డు పట్టుకుని మెట్రో గేటు దగ్గరికి నడిచాడు. అది మనిషి లేని గేటు. బావ ఛాతీ విరుచుకుని, కళ్లు సగం మూసి, "స్టాఫ్" అన్నాడు.

గేటు కదల్లేదు.

"స్టాఫ్!" అన్నాడు ఇంకాస్త గట్టిగా.

"దానికి చెవుల్లేవయ్యా, కార్డు ఆనించు!" అన్నారు మంత్రిగారు. అందరూ నవ్వారు. బావ సిగ్గుపడుతూ కార్డు ఆనించాడు. రెక్కలు రెండూ విచ్చుకున్నాయి. బావ వెనక్కి తిరిగాడు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"జీవితమంతా జనానికి గేటు వేసినవాణ్ణి సార్. నాకోసం గేటు తీసింది మాత్రం మీరే!"

ఆ మాటకు మంత్రిగారి కళ్లు కూడా చెమర్చాయి. నేను ఫొటో తీసేదాకా తుడుచుకోలేదు.

మంత్రిగారికి మెట్రో అంటే ప్రాణం. ప్రాణాన్ని ఎవరూ వాడి అరగదీసుకోరు కదా. అందుకని ఆయన కార్లో బయలుదేరారు. రైల్వే పెద్దసారు జీపులో వెనకాలే వెళ్లారు. బావా, నేనూ, ఎండీగారూ, ఆయన కంప్యూటర్ ఇంజినీరూ మాత్రం చివరి స్టేషన్ దాకా తొలి ప్రయాణం చేశాం. దారి పొడుగునా బావ కిటికీలోంచి కింద రోడ్డు చూస్తూ, "సాఫీగా పోతోందిరా. ఎక్కడా ఓ గేటన్నది లేదు" అని మురిసిపోయాడు. అంతలోనే జేబులో తాళంచెవి తడుముకుని, "త్వరగా దిగి పోవాలిరా. అక్కడ జనం నన్ను తిట్టుకుంటూ ఉంటారు" అన్నాడు.

బావ గేటు ఆ చివరి స్టేషన్ పక్కనే. దిగి నాలుగడుగులు వేస్తే వచ్చేస్తుంది.

కానీ దిగాక కార్డు ఆనిస్తే బయటి గేటు ఎర్రగా వెలిగింది. ఛార్జీ చాలదట. మళ్లీ ఆనించాడు. మళ్లీ ఎరుపే. ఎండీగారు ఇంజినీరు వంక చూశారు.

"సగం ఛార్జీ తీసుకోమన్నారు కదా సార్. తీసుకుంది" అన్నాడు ఇంజినీరు.

"మరి తెరుచుకోదేం?"

"సగం ఛార్జీకి సగం దూరమే వస్తుంది సార్. సిస్టమ్ తప్పేం లేదు."

"టెస్టింగ్ చేశామన్నావు?"

"చేశాం సార్. ఎక్కడం వరకూ చేశాం. మంత్రిగారి ప్రోగ్రాంలో దిగడం లేదు కదా సార్."

ఎండీగారు ఆ జవాబులో తప్పు పట్టలేకపోయారు.

"పోనీలెండి సార్, మిగతా సగం నేను కట్టేస్తాను" అని బావ పర్సు తీశాడు.

ఎండీగారు ఉలిక్కిపడి బావ చెయ్యి పట్టుకున్నారు. "నీకేమన్నా మతిపోయిందా? ప్రథమ లబ్ధిదారు పూర్తి ఛార్జీ కట్టాడని రేపు పేపర్లో వస్తే నా ఉద్యోగం ఏం కావాలి?"

"అయితే ఆ పక్కన చిన్న గేటుంది కదా సార్. అది తీయించండి."

"అది రాయితీ అక్కర్లేనివాళ్లకయ్యా."

అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. మొదట మంత్రిగారి పీఏ నుంచి. మంత్రిగారి కారు లెవెల్ క్రాసింగు దగ్గర ఆగిపోయింది. ముందు లారీలు, వెనక బస్సులు. మూసి ఉన్న గేటును చూసి మంత్రిగారు, భద్రత విషయంలో రైల్వేవాళ్లను చూసి నేర్చుకోవాలని తమ వాళ్లతో అన్నారట. అది మొదట్లో. ఒక రైలు పోయింది. గేటు తెరుచుకోలేదు. ఇంకో రైలు పోయింది. అప్పుడు ఓ కార్యకర్త కారు దిగి, గేటు కర్ర ముందు నిలబడి, "మినిస్టర్!" అని అరిచాడట. దానికీ చెవుల్లేవు.

తర్వాత రైల్వే పెద్దసారు ఫోను. జీపులోంచే. ఎండీగారు స్పీకర్ పెట్టారు.

"ఎక్కడున్నాడు వాడు?"

"ఇక్కడే సార్, మెట్రో లోపల" అన్నాడు బావ. "బయటికి వదలట్లేదు. తాళంచెవి నా దగ్గరే ఉంది. గేటు మీదుగా ఎవరికైనా అందిస్తాను, పట్టుకెళ్లి తీయమనండి సార్."

"వేరేవాళ్ల చేతికి తాళంచెవి ఇస్తావా? రూల్సు తెలుసా అసలు? ఉద్యోగం పోతుంది!"

బావ తాళంచెవి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నా భుజం పట్టుకుని, "ఒరేయ్, మీ అక్కకు చెప్పకు" అన్నాడు.

ఇంతలో కింద కేకలు వినపడ్డాయి. మంత్రిగారు ఓ సాహస నిర్ణయం తీసుకున్నారు. సామాన్య ప్రజలు రోజూ చేసినట్టే, తల వంచి గేటు కర్ర కింద దూరి ఇవతలికి వచ్చారు. ఎదురుగా మెట్రో కనిపించింది. ఇక ముందుకెళ్లే పని మానుకుని, దాంట్లోనే వెనక్కి పోతానన్నారు. ఆయన మెట్లెక్కి రాగానే చిన్న గేటు బార్లా తెరుచుకుంది.

తెరిచింది కదా అని బావ అటు అడుగేశాడు. "పక్కకి జరుగవయ్యా, మంత్రిగారు వస్తున్నారు!" అని సెక్యూరిటీ ఆయన్ని వెనక్కి నెట్టాడు. మంత్రిగారు లోపలికి వచ్చి బావను గుర్తుపట్టారు. అంత చిరాకులోనూ చిరునవ్వు నవ్వారు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? మా మెట్రో అంత నచ్చేసిందా?"

బావ చేతులు జోడించి నవ్వాడు. లైటు సరిగ్గా మీసం మీద పడింది. నేను నొక్కేశాను. నా జీవితంలో అంత మంచి ఫొటో తీయలేదు.

"అదలా ఉంచు. గేటు వేసి పారిపోయిన వెధవెవడు?" అన్నారు మంత్రిగారు.

వెనకే రొప్పుతూ వచ్చిన రైల్వే పెద్దసారు బావ వైపు వేలు చూపించారు. "వీడే సార్. డ్యూటీ వదిలేసి షికారుకొచ్చాడు."

"మీరే కద సార్ రమ్మన్నారు..."

"రాసిచ్చానా?" అన్నారు పెద్దసారు.

బావ నా వంక చూశాడు. "బావ చెప్పింది నిజమే సార్, నేనూ విన్నాను" అన్నాను. "ఫొటోగ్రాఫరుకు వినే పనేమిటి?" అన్నారు పెద్దసారు. మంత్రిగారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. "ఎంతటివాడైనా సరే, ప్రజలను ఇబ్బంది పెడితే ఊరుకోను" అన్నారు. బావను అక్కడికక్కడే పెద్దసారు చేత సస్పెండ్ చేయించారు. శ్రామికుడి విలువ గురించి చెప్పిన రోజే ఒక శ్రామికుడి మీద చర్య తీసుకోవాలంటే ఎంత నిష్పక్షపాతం ఉండాలి! తాళంచెవి తీసుకున్నాక బావను వదిలేశారు. చిన్న గేటులోంచే. సస్పెన్షన్లో ఉన్నవాళ్లకు రాయితీ వర్తించదు కాబట్టి, ఇక అభ్యంతరం లేదన్నారు ఎండీగారు.

సంగతి అక్కయ్యకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె బావను ఒక్క మాటా అనలేదు. అన్నీ నన్నే అంది.

"నీ ఫొటోలు తగలెయ్య! మీసం మెరుస్తుందన్నావట! ఇంకొన్నాళ్లాగితే మచ్చ లేకుండా ఇంటికొచ్చేవాడు కదరా మనిషి!" అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బావ గోడకు ఆనుకుని కూర్చుని, "పోనీలేవే, సార్ ఎంక్వయిరీలో నిజం చెబుతార్లే" అన్నాడు. ఎంక్వయిరీ చేసేది ఆ సారే.

పథకం మాత్రం దిగ్విజయంగా సాగుతోంది. దాన్ని వాడుకుంటున్నవాళ్లు ఎవరూ దిగలేకపోవడం వల్ల, రైళ్లు ఎప్పుడూ కళకళలాడుతున్నాయని పత్రికా ప్రకటన వచ్చింది. దిగడం గురించి రెండో దశలో ఆలోచిస్తారట.

ఎంక్వయిరీ రోజున బావకు తోడుగా నేను వెళ్లాను. ఆ ఆఫీసు మెట్రో లైను రెండో కొసన ఉంది. స్టేషన్లో టిక్కెట్ల కౌంటర్ ముందు నిలబడ్డాం. లోపలున్న అమ్మాయి బావ ముఖం చూసి ఆగిపోయింది.

"మిమ్మల్నెక్కడో చూశానండీ. మీరు రైల్వే స్టాఫ్ కదూ?"

బావ నోరు తెరిచాడు. కళ్లు కూడా సగం మూతపడబోయాయి. అంతలో తమాయించుకున్నాడు.

"కాదమ్మా" అన్నాడు. "ఫుల్ టిక్కెట్టు ఇవ్వండి."

డబ్బులు ఎలా ఇవ్వాలో, టిక్కెట్టు ఎటువైపు తిప్పి పట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. నేను చూపించాను. ఆనించగానే గేటు తెరుచుకుంది.

ప్లాట్‌ఫాం మీదికి మెట్రో వచ్చి ఆగింది. పెట్టె పొడుగునా నేను తీసిన ఫొటో అంటించారు. చేతులు జోడించి నవ్వుతున్న బావ, మీసం మీద లైటు, కింద "సగం ఛార్జీ, నిండు నవ్వు" అని అక్షరాలు. బావ ఆ నవ్వును కాసేపు చూశాడు. తలుపులు సరిగ్గా దాని మధ్యలో విడిపోయాయి. ఆయన తల వంచుకుని లోపలికి ఎక్కాడు.