బాలింతకు మనిషెందుకండీ!

బాలింతకు మనిషి సాయం చేయడం అనేది ఒక దురలవాటు. ఈ మాట అనడానికి నాకున్నంత అర్హత ఈ డెవెంటర్ ఊళ్లో ఇంకెవరికీ లేదు. నేను ప్రసవించి పదమూడు రోజులే అయింది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

మా హాలండ్‌లో ఈ దురలవాటు ఎప్పట్నుంచో ఉంది. జడ్జిగారింట్లో కానివ్వండి, బస్సు డ్రైవరింట్లో కానివ్వండి, బిడ్డ పుడితే చాలు, ఎనిమిది రోజులపాటు ఒక బాలింత నర్సు పొద్దున్నే సైకిలేసుకుని దిగిపోతుంది. తల్లికి ఒళ్లు తుడుస్తుంది, పక్క మారుస్తుంది, బిడ్డకు పాలెలా పట్టాలో చూపిస్తుంది, బాత్రూమ్ కడుగుతుంది, పెద్దపిల్లను బడిలో దింపి వస్తుంది. ఇంత గారాబం చేస్తే ఆడవాళ్లు చెడిపోరూ?

అదృష్టం బాగుండి ఈ ఏడాది నర్సులు చాలడం లేదట! మా ప్రాంతపు బాలింత సేవా సంస్థ వాళ్లు వెంటనే ఒక గొప్ప పథకం కనిపెట్టారు. ఎనిమిది రోజుల నర్సు పోయి, మూడు వీడియో కాల్స్, ఒక యాప్ వచ్చాయి.

రూల్స్ మాత్రం చెక్కు చెదరలేదు సుమండీ! బాలింత మంచం నేలకు ఎనభై సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మాటిమాటికీ వంగితే నర్సు నడుం పట్టేస్తుంది మరి. మా ఆయన యోరిట్ మంచం కోళ్ల కింద దిమ్మలు పెట్టి, టేపుతో కొలిచి, ఫొటో తీసి పంపాడు. "డెబ్బై ఎనిమిదే వచ్చింది, సరిచేయండి" అని జవాబొచ్చింది. పాపం, పలకలు కోసి మళ్లీ ఎత్తాడు.

మొదటి కాల్‌లో కనిపించిన నర్సు యాభై కిలోమీటర్ల అవతల, తన సోఫాలో, నడుం కింద దిండు పెట్టుకుని కూర్చునుంది. ఆమె నడుం భద్రంగా ఉన్నందుకు సంతోషించాను.

"ఏమండీ, మీరెలాగూ రారు కదా, మంచం దింపేయమంటారా?" అని అడిగాడు యోరిట్.

"అయ్యో, వద్దండీ! ఒకవేళ మేం వస్తేనో?"

"వస్తారా?"

"రాము. కానీ రూలు రూలే కదండీ."

కుట్లతో ఆ ఎత్తు నుంచి వంటింటి స్టూలు మీదికి, స్టూలు మీంచి నేలకి, రోజుకు పదిసార్లు దిగాను. వ్యాయామం మంచిదని డాక్టర్లే చెబుతారు. ఇంటికే జిమ్ వచ్చిందని ఎందుకు అనుకోకూడదు?

ఇక చుట్టాల సంగతి. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు గేర్ట్యే అని ఒక నర్సు వచ్చింది. ఎంత మొరటు మనిషనుకున్నారు! బిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్లకు వెన్న రాసిన రస్కు మీద తీపి సోంపు గుళికలు చల్లి పెట్టడం మా ఆచారం. గేర్ట్యే ఒక్కొక్కరికి ఒక్క రస్కు పెట్టేది. రెండోదాని మీద చెయ్యి పడేలోపు కోటు పట్టుకుని ఎదురుగా నిలబడేది. "ఇదిగోనమ్మా మీ కోటు. మెట్లు నిటారుగా ఉంటాయి, జాగ్రత్త. పాపం, ఆ పిల్ల పడుకోవాలి" అనేది.

యాప్‌కు అలాంటి మొరటుతనం లేదు. అందుకే మూడో రోజు, యోరిట్ పిల్లాడి పేరు రాయించడానికి టౌన్‌హాలుకు వెళ్లిన వేళ, మా అత్తగారు తన చర్చి పాటల బృందాన్ని వెంటేసుకుని వచ్చారు. మొత్తం పదకొండు మంది!

"నువ్వు లేవకే ఫెన్నా! హాయిగా పడుకో. మేమే చూసుకుంటాం" అని కింద నుంచి కేకేశారు. నిమిషమైనా కాలేదు. "వెన్నెక్కడ పెట్టావే?" ఇంకో నిమిషానికి, "ఈ రస్కుల డబ్బా మూత రావడం లేదేమిటే?"

దిగాను. ఇరవై రెండు రస్కులకు వెన్న రాశాను. తింటూ ఒకావిడ, "అబ్బ, బాలింతలా లేవే నువ్వు!" అని మెచ్చుకుంది. ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

ఆ రోజే మంత్రసాని వచ్చి చూసి, అంతా బాగుందని వెళ్లింది. అప్పటికి నిజంగానే బాగుంది. వణుకు ఐదో రోజున మొదలైంది.

ఆ పొద్దున యాప్ మోగింది. బిడ్డ గురించి ఇరవై ఏడు ప్రశ్నలు, నా గురించి ఒకటి. ఒంట్లో ఎలా ఉంది, పదికి ఎన్ని మార్కులు?

మా డచ్చివాళ్ల సంగతి చెప్పాలి మీకు. పది వేస్తే గొప్పలు పోయినట్టు, ఐదు వేస్తే రాద్ధాంతం చేసినట్టు. ఇల్లు తగలబడుతున్నా మేం ఏడే వేస్తాం. నేనూ ఏడు నొక్కాను. తెర మీద పచ్చ టిక్కు వెలిగి, "శభాష్ అమ్మా!" అంది.

"ఏంటలా వణుకుతున్నావ్?" అన్నాడు యోరిట్.

"ఏం లేదు, ఆ కిటికీ వెయ్యి."

నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది. పక్కన పసివాడు పాలకోసం నోరు తెరుస్తుంటే, వీణ్ణి ఎత్తుకునే బలం నా చేతుల్లో లేదని తెలిసి ఏడుపొచ్చింది. చెప్పుకుందామంటే యాప్‌లో దానికి గడి లేదు.

ఆరో రోజు గేర్ట్యే వచ్చింది. డ్యూటీ మీద కాదు. సెలవు రోజున అటుగా పోతూ, బిడ్డ పుట్టిన గుర్తుగా మా గుమ్మం ముందు నిలబెట్టిన చెక్క కొంగను చూసి ఆగింది. రస్కు వద్దంది. మెట్లెక్కి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, దుప్పటి ఎత్తి చూసింది.

"ఎప్పట్నుంచే ఈ జ్వరం?"

"బానే ఉన్నానండీ."

"నోర్ముయ్. బానే ఉన్నవాళ్ల పక్క ఇలా వాసన రాదు. యోరిట్! మంత్రసానికి ఫోన్ కొట్టు. ఇప్పుడే!"

అరగంటలో అంబులెన్స్ వచ్చింది. లోపల మాయ ముక్క ఒకటి మిగిలిపోయి చీము పట్టిందట. "ఇంకొక్క రోజు ఆగి ఉంటే..." అని డాక్టరు మొదలుపెట్టి, చంకలో బిడ్డతో నిలబడ్డ యోరిట్ మొహం చూసి ఆపేశాడు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి మొన్ననే ఇంటికి వచ్చాను.

నిన్న సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. నా ఫైలు మూసేశారట. ఇంటికొచ్చిన నర్సులు, సున్నా. తల్లి చేసిన ఫిర్యాదులు, సున్నా. తల్లీబిడ్డా క్షేమం. ఫోన్ చేసి, గేర్ట్యే వచ్చింది కదండీ, ఆమే కదా నన్ను కాపాడింది అన్నాను.

"ఆవిడ డ్యూటీలో లేరు కదమ్మా. చుట్టపుచూపు కిందికి వస్తుంది."

"మరి ఆసుపత్రి?"

"అది మా విభాగం కాదండీ. మీలాంటి తల్లుల వల్లే పథకం ఇంత బాగా నడిచింది. వచ్చే ఏటి నుంచి ఒక్క కాల్‌తోనే సరిపెట్టగలమని పైవాళ్లకు నమ్మకం కుదిరింది."

వచ్చే ఏడు డెవెంటర్‌లో కనబోయే అమ్మాయిలూ, నన్ను క్షమించండి. నేను నోరు మూసుకుని ఏడు నొక్కాను. పైగా బతికాను.