విదోసావా అత్త మొదటి చావు

మోంటెనెగ్రో చిన్న దేశం. జనం ఆరు లక్షల చిల్లర. ఎవరు ఎవరికి ఏమవుతారో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. విదేశీయుల కోసం మా పట్నం పురపాలక సంఘం అచ్చు వేయించిన కరపత్రం ప్రకారం ఇక్కడి ప్రజలకు మూడు సుగుణాలు: పౌరుషం, అతిథి మర్యాద, పోయినవారి పట్ల గౌరవం. మొదటి రెండూ చూసినవాళ్లు చెప్పాలి. మూడోదానిలో మాత్రం మాకు సాటి లేదని ఘంటాపథంగా చెప్పవచ్చు.

ఎవరు పోయినా ఫొటోతో సహా ప్రకటన పేపర్లో పడుతుంది, కరెంటు స్తంభాలకు ఎక్కుతుంది. ఆ ఇంటి మగవాళ్లు నల్లకోట్లు తొడుక్కుని వరసగా నిలబడతారు. ఊరు ఊరంతా వచ్చి, చేతులు కలిపి, ఒక గుక్క రకియా సారా తాగి వెళుతుంది. రానివాణ్ణి మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి పురపాలక సంఘం వారి తలుపుకు ఏడాది పొడుగునా ఒకటే కాగితం వేలాడుతూ ఉంటుంది: "పరామర్శకు వెళ్లాం. వస్తాం." గిట్టనివాళ్లు దీన్ని బద్ధకం అంటారు. రోజుకు మూడు చావులకు కొండలెక్కి దిగేవాళ్లను బద్ధకస్తులనడానికి నోరెలా వస్తుందో!

సుహోదోల్ అనే కొండపల్లెలో విదోసావాకు ఎనభై మూడేళ్లు. అక్కడి రాతినేలలో నీళ్లు నిలవవు. వానకు నిండే రాతి తొట్టే గతి. ఆమె తొట్టి రెండేళ్ల కిందట పగిలింది. అప్పటినుంచి గాడిదతో కొండ దిగి డబ్బాలతో నీళ్లు తెచ్చుకుంటోంది. కిందనున్న హోటళ్ల ఈతకొలనులకు వెళ్లే గొట్టం ఆమె పొలం మధ్యనుంచే పోతుంది. చలికాలంలోగా దానికో కుళాయి పెట్టకపోతే ఆమె ఇల్లు వదిలి, పట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేసే మేనల్లుడు గోయ్కో దగ్గర మూడో అంతస్తులో ఉండాలి. ఆ మాటెత్తితేనే ఆమెకు ప్రాణం పోయినట్టుండేది.

గోయ్కో అర్జీ పట్టుకుని పదకొండుసార్లు ఆఫీసుకు తిరిగాడు. పదకొండుసార్లూ తలుపుకున్న ఆ కాగితాన్నే దర్శించుకుని వచ్చాడు.

"ఏమన్నార్రా?" అని అడిగింది విదోసావా.

"ఎవరో పోయారట అత్తా. ఆఫీసంతా అక్కడే ఉంది."

"పోయినవారం పోయారన్నావుగా?"

"వాళ్లు వేరు, వీళ్లు వేరు."

ఆమె కాఫీ గిన్నె పొయ్యిమీంచి దించింది. "అంటే వాళ్లు మనింటికి రావాలంటే ఇక్కడెవరో ఒకరు పోవాలన్నమాట."

"నావైపు చూస్తావేంటి అత్తా! పెళ్లాంబిడ్డలున్నవాణ్ణి!"

"నీ మొహం! నువ్వు పోతే ఎవడొస్తాడు? నేనే పోతాను."

ఏర్పాట్లకు పెద్దగా శ్రమ పడలేదు. మా పెద్దవాళ్లు ముందుచూపున్నవాళ్లు. విదోసావా పదేళ్ల కిందటే సమాధిరాయి చెక్కించుకుంది, చనిపోయిన ఏడాది అంకె ఒక్కటే ఖాళీ. శవపేటిక అటకమీద ఉంది. అందులో బంగాళాదుంపలు దాచుకునేది. వాటిని అలాగే ఉంచి మూత బిగించారు. ఆఖరి కోరిక ప్రకారం ఎవరూ మూత తీయకూడదని గోయ్కో ప్రకటనలో రాశాడు.

మంగళవారం ప్రకటన పడింది. ఇరవై ఏళ్లుగా నిధులు లేక ఆగిపోయిన సుహోదోల్ రోడ్డు, పెద్దల కార్లు ఎక్కాలి గనుక, బుధవారం సాయంత్రానికి తయారైంది. గురువారం పురపాలక సంఘం మొత్తం నల్లకోట్లలో దిగింది. అర్జీ ఏనాడూ చూడని నీళ్ల ఇంజనీరు తొమాష్ గోయ్కోను వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సంఘాధ్యక్షుడు బ్లాగోటా పేటిక ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా! ఈ మహాతల్లి వీపుమీద మోసింది నీళ్లు కాదు, జాతి గౌరవం! ఆమె దాహంతో ఉండగా మనమెలా నిద్రపోయామని నన్ను నేను ప్రశ్నించుకుంటున్నాను! ఈ పేటిక సాక్షిగా, నా పరువు మీద ఒట్టు వేసి చెబుతున్నాను. నలభయ్యో రోజులోగా ఈమె గుమ్మం ముందు, ఈమె పేరున నీళ్లు పారతాయి!"

వంటింటి తలుపు వెనక విదోసావా తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుంది. గోయ్కో రకియా సీసాకోసం లోపలికి వస్తే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేనింత గొప్పదాన్నని ఇన్నాళ్లూ ఒక్కడూ చెప్పలేదేంట్రా?"

"మెల్లగా అత్తా, వినిపిస్తుంది!"

"అది సరే గానీ, దుంపలు కూడా పాతేస్తారా ఏంటి? నా చలికాలమంతా అందులోనే ఉంది!"

పాతేశారు. ప్రభుత్వ లాంఛనాలతో.

పేటిక ముందు ఇచ్చిన మాట తప్పడం మేం ఎరుగం. ముప్పై ఎనిమిదో రోజుకల్లా గొట్టం ఆమె గుమ్మందాకా వచ్చింది. నలభయ్యో రోజున ఆమె గుమ్మం ముందు పాలరాతి కుళాయి వెలసింది, పైన ఆమె ఫొటో, కింద పుట్టిన, పోయిన ఏళ్ల అంకెలు. బ్లాగోటా రిబ్బను కత్తిరించాడు. నీళ్లు దూకాయి. ఆ చప్పుడు విని లోపల ఉండలేక విదోసావా బిందె పట్టుకుని బయటికి వచ్చేసింది.

నలభయ్యో రోజు ప్రార్థనకు వచ్చిన చర్చి గురువుగారి చేతిలోని సాంబ్రాణి గిన్నె జారి తొమాష్ కాలిమీద పడింది. అందరికన్నా ముందు తేరుకున్నది బ్లాగోటాయే.

"అమ్మా... మీరు పోయారు కదా?"

"పోయానయ్యా. నీళ్లకోసం వచ్చాను."

బ్లాగోటా ఆమెను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, బతికున్నవాళ్లకు కుళాయి కావాలంటే అర్జీ, పటం, ఏడుగురి సంతకాలు కావాలి. పోయినవాళ్లకైతే నా మాట చాలు. ఇప్పుడు ఏం చేయమంటారు?"

"పోయినట్టే ఉంచండి నాయనా. నాకేం ఇబ్బంది లేదు."

అందరి ప్రాణం కుదుటపడింది. రకియా పోశారు. సగంమంది ఆమె ఆరోగ్యానికీ సగంమంది ఆత్మశాంతికీ తాగారు. ఇల్లు నిలిచింది. ఆమె రెండు చలికాలాలు రోజూ పొద్దున్నే తన ఫొటో తుడిచి, తన కుళాయి కింద బిందె పెట్టుకుంది.

మూడో ఏడు మార్చిలో విదోసావా నిజంగానే పోయింది. గోయ్కో మళ్లీ ప్రకటన వేయించాడు. పేపరు పొరపాటున పాతది వేసిందనుకున్నారు కొందరు. తెలిసినవాళ్లు, "ఒకసారి వెళ్లాం కదా, మళ్లీ వెళితే బాగుండదు" అన్నారు. గోయ్కో నల్లకోటు తొడుక్కుని, ఉండాల్సిన వరసలో ఒక్కడే, పొద్దుటినుంచి నిలబడ్డాడు. అతనికి ఏడుపు ఆగలేదు. మధ్యాహ్నం పొరుగింటి ముసలమ్మ బిందెతో వచ్చింది. అతని చెయ్యి పట్టుకుని, "ఆవిడ వినాల్సినవన్నీ ముందే వినేసిందిలే బాబూ" అని నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది.

మేమైతే తప్పకుండా వచ్చేవాళ్లమని మీరంటారు. వచ్చేవారే, నాకు తెలుసు. ఆమె గాడిదతో కొండ దిగి నీళ్లు మోసుకుంటోందని మీకు మూడో పేరాలోనే చెప్పాను. మీ మనసు కదిలింది మాత్రం ఇప్పుడే.