ప్లెయిన్స్‌బరోలో ద్వేష నిర్మూలన

"నేటి నుంచి మన ఈమెయిల్ గ్రూపులో ద్వేషం అనేది ఉండదు" అని అమెరికాలోని మా ప్లెయిన్స్‌బరో తెలుగు సంఘం అధ్యక్షులు భానుప్రకాష్ గారు 2010 మార్చిలో చారిత్రక ప్రకటన చేశారు. చేసి, కోటేశ్వరరావునీ అతని అనుచరులు నలభైమందినీ ఒక్క క్లిక్కుతో బ్యాన్ చేశారు. అంతటి ధైర్యవంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

పప్పుచారులో బెల్లం వేసేవాళ్ళు అసలు తెలుగువాళ్ళే కారనీ, వాళ్ళచేత అపార్ట్‌మెంట్లు ఖాళీ చేయించాలనీ కోటేశ్వరరావు సిద్ధాంతం. రోజుకి ముప్ఫై మెయిల్స్ పెట్టేవాడు. మా ఆవిడ గిరిజ బెల్లం వేస్తుంది. అందుచేత అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

వారం తిరక్కుండా ఫలితాలు వచ్చాయి. ద్వేషపు మెయిల్స్ సున్నా. మిగతా మెయిల్స్ కూడా సున్నా. కోటేశ్వరరావు వేరే గ్రూపు పెట్టాడు. ఏం తిడుతున్నాడో చూద్దామని ఊరు ఊరంతా అందులో చేరింది.

సరిగ్గా అప్పుడే నాకు అవసరం పడింది. గిరిజకి నెలలు నిండాయి. పురిటి సాయానికి మా అమ్మ సీతమ్మ హైదరాబాద్ నుంచి రావాలి. ఇంగ్లీషు రాదు, ఒంటరిగా విమానం ఎక్కనంటుంది. తోడు కావాలని సంఘం గ్రూపులో మూడుసార్లు మెయిల్ పెట్టాను. ఒక్కరూ పలకలేదు.

అధ్యక్షులవారికి ఫోన్ చేశాను.

"అక్కడ పోస్ట్ చెయ్యండి," అన్నారాయన.

"వాళ్ళని బ్యాన్ చేశాం కదండీ!"

"మన గ్రూపులోంచి చేశాం. నేనూ అక్కడే ఉన్నాను, నిఘా కోసం. మొన్న మా మామగారికి తోడు కూడా దొరికింది."

అక్కడ చేరాలంటే 'మా ఇంట బెల్లం వేయము' అన్న గడిలో టిక్ పెట్టాలి. పెట్టాను. అమ్మ ఫ్లైట్ వివరాలు రాసిన పది నిమిషాల్లో కోటేశ్వరరావే జవాబిచ్చాడు: "ఇండియాలోనే ఉన్నా, అదే ఫ్లైట్‌కి వస్తున్నా బ్రదర్. అమ్మగారి సంగతి నాకొదిలెయ్యి." నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇరవై రెండు గంటల ప్రయాణం. నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో మేం ఎదురుచూస్తుండగా సంఘం నెలవారీ నివేదిక నా ఫోన్‌కి వచ్చింది. కోటేశ్వరరావు ప్రభావం పూర్తిగా నశించిందని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

అమ్మ వీల్‌చెయిర్‌లో బయటికొచ్చింది. తోస్తున్నది కోటేశ్వరరావే. ఎంత శ్రద్ధగా తోస్తున్నాడో! గిరిజ వంగలేక వంగి అమ్మకి దండం పెట్టింది.

"అమ్మాయీ, మీవైపు పప్పుచారు ఎలా చేస్తారు?" అంది అమ్మ.

"చివర్లో చిన్న బెల్లంముక్క వేస్తామత్తయ్యా. మీకోసం చేసి పెట్టాను," అంటూ గిరిజ సంతోషంగా అమ్మ ఒళ్ళోని సంచీ అందుకోబోయింది.

అమ్మ సంచీని దగ్గరికి లాక్కుంది.

"ముట్టుకోకు," అంది. తరవాత వెనక్కి తిరిగి అడిగింది: "కోటేశ్వరరావూ, మీ ఇల్లెక్కడ నాయనా?"